‘పర్యావరణ అనుమతి అవసరం లేదు’ అని డీపీఆర్‌లో రాసిన రోడ్డు పని అడవి దగ్గర ఎందుకు ఆగింది?

నమస్కారం. మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. నర్సంపేట వైపు నుంచి ములుగు జిల్లాలోకి వెళ్ళే ఒక రాష్ట్ర రహదారి విస్తరణ పనిలో మీరు కాంట్రాక్టరు తరఫున సైట్ ఇంజినీరుగా చేరారు. పొడవు 32 కిలోమీటర్లు. ‘ఈ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి అవసరం లేదు’ అని డీపీఆర్‌లో (పని మొదలుకు ముందు తయారుచేసే సవివర ప్రాజెక్టు నివేదికలో) ఒక్క వాక్యం ఉంది. ఆ ధైర్యంతో పని సాగుతుండగా, 14వ కిలోమీటరు దగ్గర అటవీ సిబ్బంది వచ్చి జేసీబీని ఆపించారు. అనుమతి అక్కర్లేదని రాసి ఉన్నాక మళ్ళీ ఈ అనుమతి ఎక్కడి నుంచి వచ్చిందని, అసలు ఇంజినీరన్నవాడు చట్టాన్ని ఎంతవరకు తెలుసుకోవాలని మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, డీపీఆర్‌లోని వాక్యం బహుశా నిజమే, కానీ అది ఒకే ఒక్క నోటిఫికేషన్ గురించి చెప్పిన మాట. అడవికి వేరే చట్టం ఉంది, అభయారణ్యానికి ఇంకొకటి ఉంది, చెరువుకు, మొరం గుట్టకు, దారి పక్కన చింతచెట్టుకు, పాత గుడికి కూడా వేటికవే ఉన్నాయి. ఒక దాని నుంచి మినహాయింపు దొరికితే మిగతావి తప్పిపోవు. ఇంజినీరు చట్టాన్ని వకీలులాగా చదవనక్కర్లేదు గానీ, తాను గీసే గీత ఏ చైనేజీలో (అంటే రోడ్డు మొదలు నుంచి ఎంత దూరంలో) ఏ చట్టం మీదుగా పోతున్నదో వకీలు కన్నా ముందే తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ గీతను రెండు మీటర్లు అటో ఇటో జరపగలిగేది ఇంజినీరు ఒక్కడే. పని ఆగిన తర్వాత వకీలు చేయగలిగింది వాయిదాలకు తిరగడమే.

నేను హనుమకొండలో ఉంటాను. ముప్ఫై ఏళ్ళకు పైగా రోడ్లు, వంతెనల పనులు చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్నేళ్ళుగా అనుమతుల షరతులు సైటులో అమలవుతున్నాయా లేదా చూసి నివేదికలు రాసే పని చేస్తున్నాను. కింద రాస్తున్నదంతా ఈ రెండు వైపుల నుంచి చూసినదే.

మొదట ఆ వాక్యం సంగతి. మనం పర్యావరణ అనుమతి అని పిలిచేది 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబర్ 14న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఇచ్చే అనుమతి. దాని జాబితాలో రహదారులు 7(ఎఫ్) అంశం కింద ఉంటాయి. కొత్త జాతీయ రహదారులు అందులోకి వస్తాయి. ఉన్న జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటి, అదనంగా తీసుకునే వెడల్పు పాత అలైన్‌మెంటు మీద 40 మీటర్లు, బైపాసుల దగ్గర 60 మీటర్లు దాటితే వస్తుంది. రాష్ట్ర రహదారుల విస్తరణ మాత్రం వెయ్యి మీటర్లకు మించిన కొండ ప్రాంతంలోనో, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంలోనో ఉంటేనే జాబితాకెక్కుతుంది. మన వైపు వెయ్యి మీటర్ల కొండలు లేవు కనుక, 32 కిలోమీటర్ల రోడ్డుకు ‘అవసరం లేదు’ అని కన్సల్టెంటు రాసేశారు. కానీ ‘సున్నితమైన ప్రాంతం’ అన్న రెండో మాట దగ్గర ఆయన ఆగి చూశారా అన్నది నా అనుమానం. మీ దారికి ఒక పక్క పాకాల, మరో పక్క ఏటూరునాగారం అభయారణ్యాలు ఉన్నాయి. వాటి హద్దు మీ సెంటర్ లైనుకు ఎంత దూరమో డీపీఆర్‌లో ఎక్కడైనా అంకె ఉందా? ఉంటే వెతికి చూడండి, లేకపోతే ముందు ఆ దూరం కొలిపించండి.

ఇక మిమ్మల్ని ఆపిన చట్టం. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం (2023 సవరణతో దాని పేరు కూడా మారింది) ప్రకారం అటవీ భూమిని ఇతర అవసరాలకు వాడాలంటే కేంద్రం ముందస్తు ఆమోదం కావాలి. మొదటి దశలో షరతులతో సూత్రప్రాయ ఆమోదం వస్తుంది; డబ్బు కట్టి, బదులు అడవికి భూమి చూపించి, షరతులు నెరవేర్చాక రెండో దశ ఆమోదం వస్తుంది. చట్టం అమల్లోకి వచ్చిన 1980 అక్టోబర్ 25 కన్నా ముందు వేసిన రోడ్డును, అభయారణ్యం కాని చోట, వెడల్పు పెంచకుండా బాగు చేసుకునే వీలు ఉంది. ‘ఈ రోడ్డు మా తాతల కాలం నాటిది’ అని ఊళ్ళో అందరూ అంటారు, నిజమే కావచ్చు. అయితే మీది విస్తరణ పని. మీరు పాత రోడ్డు అంచు దాటిన మరుక్షణం ఆ వాదన పనికిరాదు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ 14వ కిలోమీటరు దగ్గర జరిగింది కూడా అదే అయి ఉంటుందని నా అంచనా. ఒక పనిలో రిజర్వు ఫారెస్టు గుండా మూడున్నర కిలోమీటర్ల దారికి 20 మీటర్ల వెడల్పున అనుమతి తెచ్చుకున్నాం. రోడ్డు పైవెడల్పు 12 మీటర్లే కదా, అటు నాలుగు, ఇటు నాలుగు మిగులుతాయి, చాలుననుకున్నాం. ఆ ప్రతిపాదన మీద సంతకం నాదే. తర్వాత లాంగిట్యూడినల్ సెక్షన్ (రోడ్డు పొడవునా ఎత్తుపల్లాలు చూపే పటం) వేస్తే ఒక లోయ దగ్గర మట్టికట్ట ఎత్తు 3 మీటర్లు వచ్చింది. ఒకటికి రెండు వాలు, అంటే మీటరు ఎత్తుకు పక్కకు రెండు మీటర్లు వేస్తే ఒక్కో పక్కకు 6 మీటర్లు. అంటే పైన 12 మీటర్ల రోడ్డు కింద 24 మీటర్లయింది. పక్కన కాలువలు, కల్వర్టు రెక్కగోడలు, పని జరిగేటప్పుడు వాహనాలు పోవడానికి వేసే తాత్కాలిక దారి ఇంకా లెక్కలోకే రాలేదు. అటవీ అధికారి టేపు పట్టించి కట్ట అడుగు కొలిపించినప్పుడు నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆ భాగమంతా రెండు పక్కలా రిటెయినింగ్ గోడలు కట్టి కట్టను 20 మీటర్లలోకి కుదించాం. గోడల ఖర్చు ఎస్టిమేటులో లేదు, వాటికి అనుమతి తెచ్చుకునేసరికి ఒక ఎండాకాలం గడిచిపోయింది. అటవీ భూమికి దరఖాస్తు పెట్టే ముందు రోడ్డు వెడల్పు కాదు, కట్ట అడుగు వెడల్పు లెక్కించండి, అదీ ప్రతి 20 మీటర్లకు ఒక క్రాస్ సెక్షన్ (రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపే పటం) వేసి.

ఆ తర్వాత నుంచి నాకొక అలవాటు అయింది. స్ట్రిప్ ప్లాన్ (రోడ్డు మొత్తాన్ని పొడవాటి పట్టీగా చూపే పటం) కింద మనం భూమి రకం, కల్వర్టులు, వంపులు అన్నీ వరుసలుగా రాస్తాం కదా, వాటి కింద ఇంకో వరుస కలిపి దానికి ‘చట్టం’ అని పేరు పెట్టాను. ఏ చైనేజీ నుంచి ఏ చైనేజీ వరకు అడవి, ఎక్కడ చెరువు శిఖం (చెరువు నీళ్ళ కిందికి వచ్చే భూమి), ఎక్కడ కాపాడాల్సిన కట్టడం, ఎక్కడ ఏజెన్సీ గ్రామం, ఆ చోట ఎవరి సంతకం కావాలి, అది ఏ తేదీన వచ్చింది అన్నది ఆ వరుసలో ఉంటుంది. సంతకం రాని చోట ఎర్ర పెన్సిలుతో గీత గీస్తాను. డోజర్ నడిపే అబ్బాయికి కూడా ఆ కాగితం ఇచ్చి, ఎర్ర గీత దగ్గర బండి ఆపెయ్యమని చెప్పేవాడిని. రోడ్డులాంటి పొడవాటి పనుల్లో అడవి అనుమతి ఇంకా రాకపోయినా, అటవీయేతర భూమిలో పని చేసుకునే వెసులుబాటు సాధారణంగా ఉంటుంది కాబట్టి ఈ వరుస ఉంటే పని మొత్తం ఆగదు, ఎర్ర గీతలున్న ముక్కలే ఆగుతాయి. ఒక హెచ్చరిక: అడవికి రెండు పక్కలా రోడ్డు పూర్తి చేసి, ‘ఇక మధ్యలో ఈ ముక్కే కదా మిగిలింది, ఇవ్వక ఏం చేస్తారు’ అని ఒత్తిడి తేవడం కొందరికి పరిపాటి. నాకు అది నచ్చదు. పైగా అనుమతి రాకపోతే అలైన్‌మెంటు మార్చుకునే దారిని మన చేతులతో మనమే మూసుకున్నట్టు అవుతుంది.

మీ దారిలో రెండు చెరువులు ఉన్నాయని రాశారు. ఈ విషయం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులున్న ఈ ప్రాంతంలో రోడ్డు ఇంజినీరు అడవి కన్నా ఎక్కువగా తప్పు చేసేది నీటి దగ్గరే. రెవెన్యూ పటంలో ఉండే శిఖం హద్దు, చెరువు పూర్తి నిల్వ మట్టం (మనం ఎఫ్‌టీఎల్ అంటాం) రెండూ ఒకటే అనుకుంటారు. కావు. పూర్తి నిల్వ మట్టాన్ని నిర్ణయించేది మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే గోడ. పటం పట్టుకుని తిరగడం మానేసి, మత్తడి గోడ పైన స్టాఫ్ (లెవెల్ కొలిచే కర్ర) నిలబెట్టి రీడింగు తీసుకోండి. ఆ లెవెల్‌ను చెరువు చుట్టూ తిప్పుకుంటూ మీ రోడ్డు దాకా తీసుకురండి. ఆ లెవెల్ మీ కట్టను ఎక్కడ తాకుతుందో అక్కడిదాకా నీళ్ళు వస్తాయి. ఇప్పుడు అక్కడ పత్తి చేను ఉన్నా, పశువులు మేస్తున్నా వస్తాయి. మేమొకసారి మూడేళ్ళుగా ఎండిన చెరువు వెనుక భాగంలో లెవెల్ తీయకుండానే రోడ్డు కట్ట పోశాం. ఆయకట్టు రైతు ఒకాయన వచ్చి, ‘సారూ, చెరువు నిండితే నీళ్ళు గా చింతచెట్టు మొదలు దాకా వస్తయ్’ అని చెప్పాడు. ఆ చెట్టు మా కట్టకు అవతల ఉంది. నవ్వుకుని ఊరుకున్నాం. మరుసటి వానాకాలం చెరువు నిండి కట్ట అడుగు రెండు అడుగుల మేర నానింది, వాలు జారిపోయింది. తర్వాత లెవెల్ తీసి చూస్తే చింతచెట్టు మొదలు మత్తడి మట్టానికి అరడుగు కూడా తేడా లేదు.

2012లో వచ్చిన 168వ నంబర్ జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నిల్వ మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగుకు 9 మీటర్లు, చిన్న వాటికి 2 మీటర్లు వదలాలి. అది భవనాల కోసం రాసిన నియమం. అయినా మీ లేబర్ క్యాంపు, స్టోర్ షెడ్డు, బ్యాచింగ్ ప్లాంటు అన్నీ కట్టడాలే. చెరువు పక్కన నీళ్ళు దగ్గరగా ఉంటాయని వాటిని అక్కడే పెడతారు. పెట్టకండి. రోడ్డు చెరువు మట్టంలోకి దిగక తప్పకపోతే సాగునీటి శాఖ ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకుని, నీళ్ళు ఇటూ అటూ పారేలా తగినన్ని వెంట్లు (కల్వర్టు కింద నీళ్ళు పోయే కంతలు) పెట్టండి.

అనుమతి పత్రాల్లో దాదాపు ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది: ‘సహజ నీటి ప్రవాహానికి ఆటంకం కలిగించరాదు’ అని. అందరూ దాన్ని అచ్చు వాక్యంగా చదివి దాటేస్తారు. నా దృష్టిలో ఆ పత్రం మొత్తంలో పూర్తిగా ఇంజినీరు కోసం రాసిన వాక్యం అదే. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. అలాంటి వాగులున్న చోట పాత కల్వర్టుకు రెండు వెంట్లు ఉన్నాయి కాబట్టి కొత్తదానికీ రెండు చాలుననడం షరతు ఉల్లంఘనే, కాగితం మీద ఎవరూ పట్టుకోకపోయినా సరే.

మొరం విషయం మీరు అడగలేదు, కానీ మీరు కాంట్రాక్టరు వైపు ఉన్నారు కనుక రేపు నోటీసు వచ్చేది దీని మీదే. రోడ్ల వంటి పనులకు మామూలు మట్టి తవ్వుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చి 28న కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఎంత మట్టి, ఎక్కడ, ఎలా తవ్వాలి అన్న హద్దులేవీ లేకుండా ఇచ్చిన ఆ మినహాయింపును 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టివేసింది. మీ టెండరు పత్రాల్లో ఏ సంవత్సరపు నిబంధన కాపీ చేసి పెట్టారో చూడండి. పాత మినహాయింపును నమ్ముకుని గుట్టను తొలిచిన వారు ఉన్నారు. టెండరులో ‘మట్టి సేకరణ బాధ్యత కాంట్రాక్టరుదే’ అని ఉంటే శాఖకు పట్టదని అనుకోకండి, బిల్లు నుంచి సీనరేజీ (తవ్విన మట్టికి ప్రభుత్వానికి కట్టే రుసుము) మినహాయించేటప్పుడు ఆ అనుమతి కాగితం అందరికీ గుర్తొస్తుంది. చెరువు పూడిక తీసి కట్టకు పోద్దామన్న ఆలోచన కూడా వస్తుంది. పూడిక పొలానికి బంగారమే గానీ, నల్ల బంకమట్టి రోడ్డు కట్టకు పనికిరాదు.

క్రషర్, హాట్‌మిక్స్ ప్లాంటు, బ్యాచింగ్ ప్లాంటులకు కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు ముందు ఒక సమ్మతి, నడపడానికి ముందు మరొకటి ఉండాలి. చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది; ఎన్ని చెట్లో, ఏ జాతివో, చుట్టుకొలత ఎంతో ముందే లెక్క రాయించండి.

పాత కట్టడాల సంగతి మీ రోడ్డుకు వర్తించకపోవచ్చు, కానీ వరంగల్‌లో పనిచేసేవారు తెలుసుకుని ఉండాలి. కేంద్రం రక్షించే కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణ తర్వాత ఇది చాలా గట్టిగా అమలవుతోంది. కోట దగ్గర ఒక చిన్న డ్రెయిను పనిలో ఆ 100 మీటర్లను గుడి గోడ నుంచి కొలిచారు, రక్షిత స్థలం హద్దు నుంచి కాదు. అంతే, పైపులు రోడ్డు మీదే నెలల తరబడి పడి ఉన్నాయి.

మీరు ఏజెన్సీ గ్రామాలకు లింకు రోడ్ల గురించి కూడా ఒక మాట అడిగారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో 3(2) సెక్షన్ చదవండి. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపు, రోడ్డు వంటి ఊరి సౌకర్యాలకు ఒక్కొక్క చోట హెక్టారు కన్నా తక్కువ అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసు ఉంటే స్థానికంగానే ఇవ్వవచ్చు. ఢిల్లీ దాకా ఫైలు పోనక్కర్లేదు. ఇది తెలియక గూడేలకు రోడ్లు ఏళ్ళ తరబడి ఆగిన సందర్భాలు నేను చూశాను. అయితే పెద్ద రోడ్డును హెక్టారు హెక్టారు ముక్కలుగా నరికి ఈ దారిలో పంపాలని చూడకండి.

ముక్కలు చేయడం అన్న మాట వచ్చింది కాబట్టి, పనికి పేరు మార్చి అనుమతి తప్పించుకోవడం గురించి కూడా మనకందరికీ తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాను. కాళేశ్వరం పనులు 2016లో మొదలయ్యాయి. పర్యావరణ అనుమతి 2017 డిసెంబర్‌లో వచ్చింది. అంతకు ముందు జరిగినవి ప్రధానంగా తాగునీటి సరఫరా పనులని, వాటికి అనుమతి అవసరం లేదని వాదన వినిపించారు. సాగునీరు ప్రధానంగా ఉన్న ప్రాజెక్టుకు ఆ వాదన చెల్లదని, పని జరిగాక అనుమతి ఇచ్చారని 2020 అక్టోబర్ 20న జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పి, జరిగిన నష్టాన్ని అంచనా వేయడానికి కమిటీని వేయమన్నది. ప్రాజెక్టు మంచిచెడుల చర్చ ఇక్కడ వద్దు. ఇంజినీరుగా నేను గ్రహించింది ఒక్కటే: ట్రిబ్యునల్ ముందు నిలిచేవి పని మొదలైన తేదీ, అనుమతి తేదీ. ఆ మొదటి తేదీ సైట్ ఇంజినీరు రాసే మెజర్‌మెంట్ బుక్కులో, లెవెల్ బుక్కులో ఉంటుంది. అందుకే అందులో తేదీ దిద్దమని ఎవరు చెప్పినా దిద్దకండి.

షరతులను ఎస్టిమేటులోకి తేవడం గురించి కూడా ఒక మాట. అడవిలో జంతువులు దాటడానికి దారి వదలాలన్న షరతు పునాదులు పోశాక వస్తే ఎవరికీ మేలు లేదు. మన ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారే మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దుల్లో పెంచ్ పులుల అడవి గుండా పోతుంది. అక్కడ కేసులు, వాదనలు నడిచాక రోడ్డును ఎత్తి, కింద జంతువులకు దారులు వదిలారు. పులులు సైతం వాటి కింద నుంచి పోవడం కెమెరాల్లో నమోదైంది. మీ రోడ్డు అంత పెద్దది కాదు. కానీ రెండు వెంట్ల కల్వర్టును కాస్త ఎత్తు పెంచి, ఒక వెంటు అడుగున నీళ్ళు నిలవని గట్టు వదిలితే చిన్న జంతువులు దాటిపోతాయి. డ్రాయింగు దశలో దాని ఖర్చు చాలా తక్కువ.

ఇక మీ పని ఇప్పుడు ఆగి ఉంది కనుక, చేయాల్సినవి. ఆపిన చోట యంత్రాన్ని మళ్ళీ కదిలించకండి, రాత్రిపూట అసలే వద్దు. ఆపిన రోజు ఎంతవరకు తవ్వారో చైనేజీలతో ఫొటోలు తీసి, అటవీ సిబ్బంది సమక్షంలో కొలిచి, పంచనామా కాపీ అడిగి తీసుకోండి. మీ ప్రాజెక్టు మేనేజరుకు, శాఖ ఇంజినీరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. అడవికి అనుమతి అసలు అడిగారా, అడిగితే పరివేష్ పోర్టల్‌లో (ఈ అనుమతులకు దరఖాస్తు పెట్టే కేంద్ర వెబ్‌సైటులో) ఏ వెడల్పుకు అడిగారు అన్నది శాఖ వారి దగ్గర తెలుస్తుంది. దరఖాస్తుతో పాటు డీజీపీఎస్ (ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా స్థలం కొలిచే పద్ధతి) సర్వే చేసిన కేఎంఎల్ ఫైలు, అంటే కంప్యూటరు పటం మీద హద్దులు చూపే ఫైలు, జతపరిచి ఉంటారు. అది తెప్పించుకుని, దాని మీద మీ సెంటర్ లైను కాకుండా కట్ట అడుగు గీతలు రెండూ వేసి చూడండి. 13వ కిలోమీటరు నుంచి 15వ కిలోమీటరు దాకా ఎక్కడెక్కడ ఎన్ని మీటర్లు బయటికి పోయిందో, ఆ చోట కట్ట ఎత్తు ఎంతో కలిపి ఇక్కడ రాస్తే, అది గోడతో తీరే తేడానా, దరఖాస్తు సవరించుకోవాల్సిన తేడానా చూసి చెబుతాను.